డిలీట్ చేసినా పోని మొగుళ్లు

స్వరూప, ముప్పై ఎనిమిదేళ్లు, ఏ బటనైనా ఒక్కసారి నొక్కి ఊరుకోదు. ఆ స్వరూపను నేనే. మొన్న జగిత్యాలలో ఆ అలవాటు నన్నేం చేసిందో వినండి. నిండు క్లాసులో నాకు పదకొండు మంది మొగుళ్లయిండ్రు!

అక్కడి ఆడపిల్లల కాలేజీలో గేములు తయారు చేయడం నేర్పే పని ఖాళీగా ఉన్నది. డెమో నచ్చితే ఆ పని నాదే. నేను గేములను కంప్యూటర్ నోట్‌బుక్‌లో కడుత. కోడ్‌ను ముక్కలుగా రాసి, ఏ ముక్కకా ముక్క నడిపి చూసుకోవచ్చు. పొద్దున తట్టిన ఆట మధ్యాహ్నానికల్లా ఆడుతది. డెమోకని కట్టిన ఆటలో "చాయ్!" అని అరిచే మొగుణ్ని తప్పించుకుని, డబ్బాలు సర్ది, బస్సు అందుకోవాలి. మొగుడికి మా ఆయన పేరే పెట్టిన, రమేష్. గొంతు కూడా ఆయనదే, చాటుగా ఫోన్‌లో రికార్డు చేసిన. ఆ రమేషే నన్ను కోరుట్ల నుంచి బండి మీద తెచ్చి, వెనక బెంచీలో కూర్చున్నడు.

మొగుణ్ని పుట్టించే ముక్కను నడిపిన. స్క్రీన్ కదలలేదు. ఇంకేముంది, సిరిసిల్లలో బట్ట నేసే సాంచాల లెక్క టకటకా నొక్కిన. నొక్కినప్పుడల్లా ఒక రమేష్ పుట్టిండు! వంటింటి నిండా రమేష్‌లే!

"స్వరూపా, చాయ్! స్వరూపా, చాయ్!"

పిల్లలు బెంచీలు చరిచి నవ్వుడు. గాబరాపడి ఆ ముక్కనే డిలీట్ చేసిన. రాత పోయింది, రమేష్‌లు పోలేదు!

"మేడం, డిలీట్ చేసినా పోతలేరేంది?" అన్నదో పిల్ల.

"రాసింది చెరిపినం గనీ మెమరీల తిష్టేసిండ్రు బిడ్డా. మొత్తం రీస్టార్ట్ చేస్తెనే పోతరు."

ప్రిన్సిపల్ సుల్తానా మేడం కళ్లు తుడుచుకుంటూ, "గా రీస్టార్ట్ బటన్ ఏడున్నదో జర నాకు గూడ చూపియ్యమ్మా" అన్నది.

క్లాసు నవ్వులతో పగిలిపోయింది. వెనక అసలు రమేష్ లేచిండు, మొహం కందగడ్డ. "నేనెప్పుడు గిట్ల అరిచిన?"

"ఒక్కనివే అరిస్తె నీకు ఇనవడలే. గిప్పుడు ఇను."

రీస్టార్ట్ నొక్కిన. రెండుసార్లు. మొగుళ్లతో పాటు ఆటంతా తుడిచిపెట్టుకుపోయింది, డబ్బాలు, బస్సు, అన్నీ! పని కూడా పోయిందనే అనుకున్న.

"సోమవారం సంది రా అమ్మా. గా పదకొండు మందిని గూడ తీస్కరా" అన్నది మేడం.

సాయంత్రం ఇల్లు చేరినంక రమేష్ సోఫాలో కూర్చుని గొంతు సవరించుకున్నడు. స్వరూప లైటర్ రెండుసార్లు నొక్కి, ఒక్క కప్పు చాయ్ పెట్టుకుని తాగింది.