మట్టల ఆదివారానికి కొత్త క్లచ్

మా పాస్టరు గారు ఎన్నో ఏళ్ళుగా ప్రసంగాలతో మా సంఘాన్ని కదిలించాలని చూస్తున్నారు. ఆ పని నేను ఒక్క ఉదయంలో, ఒక్క క్లచ్ ప్లేటుతో చేసేశాను. ప్రార్థన మొదలవగానే కునుకు తీసే దానయ్య గారితో సహా అందరూ కదిలారు. ఎలా కదిలారో చెబితే మీరు నవ్వుతారు. నవ్వండి, నేనేమీ అనుకోను. అల్వాల్‌లో ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు.

నాకొక పికప్ ట్రక్కు ఉంది. షాపుల నుంచి మంచాలూ బీరువాలూ జనం ఇళ్ళకు చేరవేస్తుంటాను. అసలే బలమైన డీజిల్ ఇంజను. అది చాలదన్నట్టు ఇంజను కంప్యూటర్‌లో ఏవో మార్పులు చేయించి ఇంకాస్త బలం ఎక్కించాను. ఇంజనుకు బలం వచ్చింది గానీ, ఆ బలాన్ని చక్రాల వైపు మోసుకెళ్ళాల్సిన క్లచ్ మాత్రం పాతదే. పహిల్వానును తెచ్చి తెగిపోయే నవారు మంచం మీద పడుకోబెట్టినట్టయింది.

ఆ సంగతి మట్టల ఆదివారం నాడే బయటపడింది. ఈస్టరుకు ముందు వారం, ప్రభువు గాడిదనెక్కి యెరూషలేముకు వచ్చిన రోజును తలచుకుంటూ, చేతుల్లో ఈతమట్టలు పట్టుకుని పాడుకుంటూ వీధుల్లో నడుస్తాం. ముందు నా పికప్, అందులో స్పీకర్లు, కీబోర్డు, దాని ముందు స్టెల్లా అక్క. వెనక సంఘమంతా. ఆ ఏడు చర్చికి వెళ్ళే ఎత్తు దగ్గర క్లచ్ జారిపోయి, కాలిన వాసన కొట్టి, బండి నిలబడిపోయింది. హోసన్నా పాడాల్సిన వాళ్ళంతా ముక్కులు మూసుకున్నారు.

మరుసటి ఏడు అంతకంటే పెద్ద చిక్కు వచ్చింది. ఆ ఊరేగింపులో మొదటి పాట ఎత్తేది మా అమ్మమ్మ. రూతమ్మ టీచరంటే ఆ చుట్టుపక్కల తెలియనివాళ్ళు లేరు. ఆమెకు మోకాళ్ళ ఆపరేషన్ అయింది. మోకాళ్ళు భేషుగ్గా ఉన్నాయి, ఇక నడవడమే తరువాయి అని డాక్టరు చెప్పేశాడు. నడవాల్సిన మనిషికే ధైర్యం చాల్లేదు. పడిపోతానన్న భయంతో నెలల తరబడి గేటు దాటలేదు. మా అమ్మ బతిమాలింది, వ్యాయామం చేయించే అమ్మాయి బుజ్జగించింది, పాస్టరు గారు వచ్చి ప్రార్థన చేసి వెళ్ళారు. ఆమె మాత్రం కుర్చీ వదల్లేదు.

"ఈసారి గేటు దగ్గర కూర్చుని చూస్తాలే నాయనా" అంది నాతో. అంటూ మొహం అటు తిప్పుకుంది. నాకు గుండె చెరువైంది. నన్ను పెంచింది ఆమే మరి.

"గేటు దగ్గరెందుకు? బండిలో కుర్చీ వేసి రాణిలా తీసుకెళ్తా" అన్నాను.

"పోయినేడు ఆ ఎత్తు దగ్గరే గదా నీ బండి చతికిలబడింది. నన్నూ అక్కడే దింపి పోతావా?"

అదిగో, ఆ మాటతో నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. తిన్నగా చిలకలగూడలోని యాదగిరి షెడ్డుకు పోయాను. యాదగిరి నాకు స్నేహితుడు, మెకానిక్కు. పొద్దస్తమానం ఫోన్లో విదేశీ ట్రక్కుల వీడియోలు చూస్తాడు. నేనూ అవే చూస్తాను. కుంటివాడికి గుడ్డివాడు తోడైతే కనీసం ఇల్లు చేరతారు. మేం ఇద్దరం గుడ్డివాళ్ళమే.

"గీ తాకత్‌కు మామూలు ప్లేట్ ఆగదన్నా," అన్నాడు యాదగిరి. "రేసుబండ్లకు వేసే బిళ్ళల ప్లేట్ వేద్దాం. ఒక్కసారి పట్టిందంటే వదలదు. ఎనక యాక్సిల్ల గేర్లు సుత మారిస్తే, రింగ్ రోడ్డు మీద నిన్ను పట్టేటోడు ఉండడు."

ఊరేగింపులో నన్ను పట్టుకోవాలని ఎవరు చూస్తారని ఇద్దరిలో ఒక్కడైనా ఆలోచించాలా లేదా? ఆలోచించలేదు. షురూ చెయ్యమన్నాను.

ఇక్కడ కాస్త ఓపిక పట్టండి, రెండు ముక్కల్లో చెప్పేస్తాను. మామూలు క్లచ్ పెళ్ళిచూపుల్లాంటిది. ముందు పలకరింపు, తర్వాత కాఫీ, మెల్లగా ఒప్పందం. ఈ రేసు క్లచ్‌కు అంత తీరిక లేదు, కంటపడగానే తాళి కట్టేస్తుంది. ఇక యాక్సిల్లో గేర్లు మారిస్తే బండి అన్ని గేర్లలోనూ జోరందుకుంటుంది. అన్నింటిలో అంటే మొదటి గేరులో కూడా. ఆ చివరి సంగతి మాకు తట్టలేదు. షెడ్డులోంచి బయటికి తీస్తుంటేనే బండి ఒక్క గెంతు గెంతింది.

"కొత్తది గదా, జెర అరిగితే మెత్తగైతది" అన్నాడు యాదగిరి.

రింగ్ రోడ్డు మీద మాత్రం అది గాలిలా పోయింది. సైనిక్‌పురి మీదుగా ఇంటికి వస్తూ నాలో నేనే పాడుకున్నాను. మనిషి నడిచే వేగంతో ఒక్క గజమైనా తోలి చూశానా అని అడక్కండి.

ఆదివారం పొద్దున్నే బండికి మట్టలు కట్టాం. అమ్మమ్మ ఇస్త్రీ చేసిన తెల్లచీర కట్టుకుంది. బండిలో కుర్చీని తాళ్ళతో బిగించి, నలుగురం పట్టి ఎక్కించాం. చాలా రోజుల తర్వాత ఆమె ముఖంలో నవ్వు చూశాను. పాస్టరు గారు మైకు పట్టుకుని బండికి ముందు నిలబడ్డారు. అమ్మమ్మ గొంతు సవరించుకుని పాట ఎత్తింది. నేను క్లచ్ మీంచి కాలు తీశాను.

బండి దూకింది. పాస్టరు గారు చేతిలో మైకుతో పక్కకు దూకారు. నేను కంగారుపడి క్లచ్ తొక్కాను, ఆగింది. మళ్ళీ వదిలాను, మళ్ళీ దూకింది. నా బండికి రెండే విద్యలు వచ్చు, నిలబడటం, గెంతడం. ఆ రెండింటి మధ్య నడక అనేదొకటి ఉంటుందని దానికి ఎవరూ నేర్పలేదు. క్లచ్ పూర్తిగా వదిలేస్తే సంఘాన్ని వెనక వదిలేసి పరుగెడుతుంది, తొక్కితే మొరాయిస్తుంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. నాకు పళ్ళు కూడా ఊడేలా ఉన్నాయి.

వెనక పాట ముక్కలు ముక్కలుగా వినిపిస్తోంది. ఒక గెంతుకు స్టెల్లా అక్క మోచేయి కీబోర్డు మీద పడి ఏదో మీట నొక్కుకుంది. పెళ్ళి బరాత్‌లో మోగే తీన్‌మార్ దరువు స్పీకర్లలో దద్దరిల్లింది. వెనకున్న కుర్రాళ్ళు కాసేపు ఆనందంగా నడిచారు. దానయ్య గారు కళ్ళు పెద్దవి చేసుకుని చూస్తున్నారు. పాస్టరు గారు పక్క నుంచి వెనక్కి, వెనక నుంచి కాలిబాట మీదికి చేరుకున్నారు.

అంతలో నా తలమీద క్యాబిన్ రేకు దడదడలాడింది. అమ్మమ్మ చేతికర్ర.

"బండాపు."

ఆపాను. ఇంజను కూడా దానంతటదే ఆగిపోయింది. పరుగున వెనక్కి వెళ్ళాను. తెల్లచీర నలిగింది, కళ్ళద్దాలు ముక్కు మీదికి జారాయి. నా వల్ల ఈమె ఇక జన్మలో గడప దాటదని నాకు దుఃఖం ముంచుకొచ్చింది.

"దింపు నన్ను," అంది.

"ఇంటికి తీసుకెళ్తానమ్మమ్మా, ఆటో పిలుస్తా."

"ఇంటికెవరు పోతామన్నారు? నడుస్తా."

స్టూలు వేశాం. ఒక కాలు పెట్టింది, ఆగింది, రెండోది పెట్టింది. నా చేయి పట్టుకుంటుందనుకుని చాచాను. దాన్ని వదిలేసి, బండికి కట్టిన మట్ట ఒకటి లాక్కుని ముందుకు నడిచింది. మెల్లగానే నడిచింది, కానీ గెంతకుండా నడిచింది. ఆగిపోయిన పాటను మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకుంది. సంఘమంతా ఆమె వెనక పాడుతూ కదిలింది. నేను నడిరోడ్డు మీద నిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాను. బండి కోసం ఏడుస్తున్నానని స్టెల్లా అక్క ఓదార్చింది.

ఆ తర్వాత కుర్రాళ్ళు బండిని చర్చి దాకా తోసుకొచ్చారు. మనుషులు తోస్తే అది ఎంత ముచ్చటగా, ఎంత మెత్తగా నడిచిందో చెప్పలేను.

ఆరాధనలో, దేవుడు చేసిన మేళ్ళు చెప్పుకునే సాక్ష్యాల వేళ, అమ్మమ్మ లేచి నిలబడింది.

"నాకు మోకాళ్ళిచ్చింది డాక్టరు గారు. బలమిచ్చింది దేవుడు," అంది. "ఇక భయం పోగొట్టింది నా మనవడు. నడవడం కంటే భయంకరమైనది లోకంలో ఇంకొకటుందని ఇవాళ చూపించాడు. ప్రభువు గాడిదనే ఎందుకు కోరుకున్నాడో నాకిప్పుడు తెలిసింది. దానికి ఎవరూ క్లచ్ మార్చరు."

పాస్టరు గారు ఆమెన్ అన్నారు. అంత గట్టి ఆమెన్ ఆయన నోట మళ్ళీ వినలేదు.

కాబట్టి పాఠక మహాశయులారా, ఈతమట్ట చేతబట్టి ప్రమాణం చేస్తున్నాను. మనుషులు నడిచే దారిలో నడవాల్సిన బండికి రేసుబండి కాళ్ళు తగిలించను. యాదగిరి వీడియో పంపితే చూడను, చూసినా షెడ్డుకు పోను. ఇంజనుకెక్కించిన అదనపు బలం దింపించి, పాత రకం ప్లేటు, పాత గేర్లే మళ్ళీ వేయించాను. ఇప్పుడు బండి చక్కగా, మెత్తగా నడుస్తోంది.

ఈ మాట అమ్మమ్మకు మాత్రం చెప్పలేదు. సాయంత్రం నడకకు ఆమె బద్ధకిస్తే, "బండి తియ్యనా అమ్మమ్మా?" అని తాళంచెవులు ఆడిస్తాను. వెంటనే లేచి చెప్పులేసుకుంటుంది.