పిన్నులు ఊడదీసిన పత్రిక

పోయినవారం హైదరాబాదు చూసివచ్చిన మా కోడలు నా చేతిలో ఓ తెలుగు వారపత్రిక పెట్టగానే, ముఖచిత్రమైనా చూడకుండా నా గోళ్ళు వాటంతటవే మధ్యపేజీకి వెళ్ళి పిన్నులు ఊడదీయడం మొదలుపెట్టాయి. కోడలు నిర్ఘాంతపోయింది. మేము పత్రిక చదివిన పద్ధతే అదని తనకి ఎలా చెప్పను?

సముద్రం మధ్యనున్న మా ఈ దీవుల దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన కొత్తల్లో మేము నాడీ పట్నం పక్కన నవాకా అనే పల్లెలో చెరకు పండించేవాళ్ళం. రాజధాని సువాలో ఉద్యోగం చేసే బాబాయి మద్రాసు నుంచి ఓడలో తెప్పించుకున్న పత్రిక తాను చదివేసి బస్సు డ్రైవరుకిచ్చి పంపితే, ఉగాది సంచిక మాకు దీపావళికి అందేది. అయినా ఆ కాగితం వాసనకే నాకు ఒళ్ళు తెలిసేది కాదు. చుట్టాలందరూ ఒకేసారి చదవాలని నాన్న పిన్నులు తీసి కాగితాలు ఇంటికిన్నని పంచేవాడు. ఒక్కో కాగితానికి ముందు పేజీలు కొన్ని, వెనక పేజీలు కొన్ని అంటుకుని ఉంటాయి కనుక ఏ కథా ఒక ఇంట్లో పూర్తయ్యేది కాదు. మిగతా కథ కోసం చెరకు చాళ్ళలో పడి నేను తీసిన పరుగులు తలుచుకుంటే ఇప్పటికీ కాళ్ళు ఆగవు.

ఒక ఏడు చెరకు కోతలో ముందు వంతు ఎవరిదన్న మాట మీద నాన్నకీ, ఆయన చెల్లెలైన మా మేనత్తకీ చెడింది. రెండిళ్ళ మధ్యా ఉన్నది పొలం గట్టే, అయినా రాకపోకలు ఆగిపోయాయి. నాయనమ్మ బెంగతో తిండి సయించక చిక్కిపోయింది. అప్పుడే ఏడాదిగా ఊపిరి బిగబట్టి చదువుతున్న సీరియల్ ఆఖరి భాగం వచ్చింది. అక్షరం ముక్క రాని నాయనమ్మ, ముగింపు ఏ కాగితంలో ఉందో నాచేత చూపించుకుని, మమ్మల్ని చదవనివ్వకుండా దాన్ని అత్తకి పంపించేసింది.

ఆ కథంటే నాన్నకి నాకంటే ఎక్కువ పిచ్చి. కొన్నాళ్ళు పట్టనట్టు తిరిగి, చివరికి ఓ సాయంత్రం ఆవు తప్పిపోయిందన్న వంకతో గట్టు దాటాడు. ఆవు మా కొట్టంలోనే ఉంది. నేనూ వెనకే పరుగెత్తాను. అత్త ఆయన్ని చూసి, ఇక్కడ ఇంటికొచ్చినవాళ్ళకి ఇచ్చే వేరు పిసికిన నీళ్ళు కొబ్బరిచిప్పతో అందిస్తూ, హిందీ కలిసిన మా తెలుగులో, “బైఠో అన్నా, యంగోనా తాగు. కాగితం ఎక్కడికీ భాగదు,” అంది. అత్త చదివింది, నాన్న విన్నాడు, ఇద్దరూ ఏడ్చారు, కథకేనని ఒకరికొకరు చెప్పుకున్నారు. నాయనమ్మ ఆ పూట కడుపునిండా తింది.

ఇప్పుడు నా మనవరాలి ఫోనులో ఏ పత్రికైనా మొదటినుంచి చివరిదాకా ఒక్కచోటే ఉంటుంది, ముగింపు కోసం ఎవరి గుమ్మమూ ఎక్కనక్కరలేదు. నేను మాత్రం ఊడదీసిన కాగితాల్లో సగం నౌసోరిలో ఉన్న ఆ అత్త కూతురికి బస్సులో పంపి, ముగింపు నా దగ్గరే అట్టేపెట్టుకున్నాను. మోకాళ్ళ నొప్పులున్నా శనివారం వస్తున్నానని నిన్న ఫోను చేసింది. సంతోషం పట్టలేక ఇల్లంతా తిరిగాను. మా రెండిళ్ళలో తెలుగు చదవడం వచ్చినవాళ్ళం ఇక మేమిద్దరమే మిగిలాం.