బర్రె చెవిలో చెప్పిన మాట

"ఫోను దాని చెవి కాడ వెట్టు."

"వెట్టిన. మాట్లాడు."

నేనూ నా మొగుడూ మాట్లాడుకున్న ఆఖరి మాటలు ఇవే. అతను సరిహద్దులో పహరాలో ఉన్నాడు. నేను ఉప్పుగూడలో మా పశువుల కొట్టంలో ఉన్నాను. చెవి అంటే మా బర్రె చెవి. ఆ తర్వాత అతను చాలాసేపు మాట్లాడాడు. ఏం మాట్లాడాడో నేను వినలేదు. బర్రె విన్నది.

నాకు సంతకం చేయడం వచ్చు, బస్సు మీద అంకెలు పోల్చుకోవడం వచ్చు, అంతే. అందుకే నేను చెప్తుంటే మా మరిది కూతురు రాస్తోంది. డిగ్రీ చదివే పిల్ల. నా మాట మోటు కాబట్టి పుస్తకంలో ఉండేలా దిద్దుకొమ్మన్నాను. మనుషులు ఒకరితో ఒకరు అన్న మాటలు మాత్రం ఎలా అన్నారో అలాగే ఉంచమన్నాను. వాటిని దిద్దబట్టే కదా నా గతి ఇలా అయింది.

ముందు బర్రె సంగతి చెప్పాలి. మాది పాల ఇల్లు. మామ ఉన్నప్పటి నుంచి గల్లీలో ఇంటింటికీ పాలు పోసేవాళ్లం. ఆ బర్రెను మాత్రం నా మొగుడు సెలవు మీద వచ్చినప్పుడు తనే చూసి, తనే బేరమాడి తెచ్చుకున్నాడు. అది ఈనింది. ఈనిన కొన్నాళ్లకే, అతను ఇంకా సెలవులో ఉండగానే, వానల్లో దూడ చచ్చిపోయింది. దూడ పోయిన బర్రె చేపదు. పొదుగు నిండుగా ఉంటుంది, పాలు మాత్రం కిందికి వదలదు. చెయ్యి వేస్తే తంతుంది. మా అత్త బెల్లం పెట్టింది, దాణా పెట్టింది, తిట్టింది, దండం పెట్టింది. అది వినలేదు. అప్పుడు నా మొగుడు దాని తల దగ్గర నిలబడి, చెవిలో నోరు పెట్టి, నాలుకతో చప్పుడు చేస్తూ ఏదో మాట్లాడాడు. కాసేపటికి పాలు దిగాయి. సెలవు అయిపోయేదాకా రోజూ అదే పని. అతను అక్కడ మాట్లాడుతుంటే నేను కింద కూర్చుని పిండేదాన్ని.

అతను రైలెక్కాక అది మళ్లీ మొండికేసింది. ఫోనులో ఈ సంగతి చెప్పి ఏడ్చినంత పని చేశాను.

"ఏడుస్తవేందే? ఫోను దాని చెవి కాడ వెట్టు, నేను మాట్లాడ్త" అన్నాడు.

"పిసలేసిందా నీకు? బర్రెకు ఫోనేంది?"

"వెట్టి సూడు. నీకంటే మంచిగింటది అది."

పెట్టాను. ఒట్టేసి చెప్తున్నాను, చేపింది. అప్పటి నుంచి సిగ్నలు దొరికిన ప్రతి రోజూ సాయంత్రం పాలు పిండే వేళకు ఫోను వచ్చేది. నేను రుమాలుతో ఫోనును కొమ్ముకు కట్టి కింద కూర్చునేదాన్ని. నాతో రెండు ముక్కలు, దానితో ఇరవై ముక్కలు. కోపం వచ్చేది. ఏం చేస్తాను? గల్లీలో పిల్లలకు పాలు కావాలి. మా వెనక ఇంటి ముసలామె, ఖాలా అని పిలిచేదాన్ని, గిన్నె పట్టుకుని వచ్చి ఇది చూసి పడీ పడీ నవ్వేది.

"క్యా గే, తేరా మర్ద్ భైంస్ సే ఇష్క్ లడారా క్యా?" నీ మొగుడు బర్రెతో ప్రేమ నడుపుతున్నాడా ఏంటే అని.

"మేరీ సౌకన్ హై ఖాలా" అనేదాన్ని. నా సవతి అని. బర్రె వీపు మీద ఒకటి చరిచేదాన్ని కూడా.

ఆ చివరి రోజు కూడా అలాగే అయింది. ఫోను మోగింది. తిన్నావా అనలేదు నేను. ఎలా ఉన్నావే అనలేదు అతను. వెలుతురు పోతోంది, ఖాలా గిన్నెతో గడపలో నిలబడింది, బర్రె కాళ్లు మారుస్తోంది. అతను అన్నది అతను అన్నాడు, నేను అన్నది నేను అన్నాను, కొమ్ముకు కట్టాను. బకెట్‌లో పాల ధార చప్పుడు, పైన అతని గొంతు. జోరీగ తిరిగినట్టు సన్నగా వినపడింది గాని మాట తెలియలేదు. ఒకసారి నవ్వినట్టున్నాడు. పిండడం అయ్యాక లేచి రుమాలు విప్పితే ఫోను కట్ అయి ఉంది. రేపు చేస్తాడులే అనుకున్నాను. పొద్దున మరిదికి వచ్చింది ఫోను. అవతలి నుంచి కాల్పులు జరిగాయని, పోయాడని.

ఆ తర్వాత జరిగింది అందరూ చూశారు. జెండా, బండి, జనం. నేను చూడలేదు. ఆ నాలుగైదు రోజుల్లో నా కళ్ల ముందు ఏం జరిగిందో నాకు ఒక్కటీ గుర్తు లేదు. ఒక సంగతి తప్ప. కొట్టంలోకి వెళ్లి బర్రె కింద కూర్చుంటే అది మెడ తిప్పి నా చేతి వైపు చూసింది. ఫోను కోసం. ఆ రోజు వదలలేదు, ఆ తర్వాత ఎప్పుడూ వదలలేదు. ఎండిపోయిన బర్రెను ఎవరు మేపుతారు? అమ్మేశారు. ఎటు పోయిందో నాకు తెలుసు, ఇక్కడ చెప్పను.

ఏడాది తిరిగేసరికి స్టేషన్‌కు వెళ్లే మలుపులో మా బస్తీ సంఘం వాళ్లు అతని విగ్రహం పెట్టారు. ఆ మీసం నా మొగుడిది కాదు గాని, పోనీ. అప్పటి నుంచి ఏటా దీపావళికి ముందు, అతను పోయిన రోజున, అక్కడ షామియానా వేస్తారు, మైకు పెడతారు. నాకు శాలువా కప్పుతారు. పూల దండ మొదట నా చేత వేయిస్తారు. దండలు నేను మాదన్నపేట మార్కెట్‌లోనే తెచ్చుకుంటాను, బంతిపూలవి. సంఘం వాళ్లు తెచ్చేది పెద్దగా ఉంటుంది గాని అందులో సగం ప్లాస్టిక్ ఆకులే. ఆఖరున బడి పిల్లలు నాటకం వేస్తారు.

ఆ నాటకం రాసిన టీచరమ్మ మొదటి ఏడు మా ఇంటికి వచ్చి అడిగింది.

"ఆఖరిసారి సార్ ఏం మాట్లాడారమ్మా మీతో?"

ఏమని చెప్పను? ఆమె కాసేపు నా చెయ్యి పట్టుకుని కూర్చుని వెళ్లిపోయింది. మంచి మనిషే. ఏదో ఒకటి కావాలి కాబట్టి తనే రాసింది. నాటకంలో నా మొగుడు ఫోనులో ఇలా అంటాడు: "అమ్మను మంచిగ చూసుకో. నేను రాకపోతే ఏడ్వకు. నా నెత్తురు దేశానిది." నా వేషం వేసిన పిల్ల ఫోను కింద పడేసి, లేచి సెల్యూట్ కొడుతుంది. జనం చప్పట్లు. నా వేషం వేసింది ఎవరనుకున్నారు? ఇప్పుడు ఇది రాస్తున్న పిల్లే. మూడో తరగతిలో ఉండేది. నా చీరనే మడిచి కట్టారు.

నాకు ఒళ్లు మండింది. లేచి ఇది అబద్ధం అని అరుద్దామనుకున్నాను. పక్క కుర్చీలో మా అత్త నా మోచెయ్యి పట్టుకుంది.

"గట్లన్నడా నా కొడుకు? అమ్మను సూస్కొమ్మన్నడా? నాకెందుకు చెప్పలేదే ఇన్నొద్దులు?"

ఆమె మొహం చూశాను. కొడుకు పోయినప్పటి నుంచి ఆమె ఎవరితో నోరు విప్పి మాట్లాడింది లేదు. అవునని అనలేదు, కాదని అనలేదు. ఆమె అవునని తీసుకుంది.

అంతే. ఆ మాట మా ఇంట్లోకి వచ్చి కూర్చుంది. అత్త పాలు పోయించుకునేవాళ్లకు చెప్పింది, చుట్టాలకు చెప్పింది, ఆస్పత్రిలో పక్క మంచం ఆమెకు చెప్పింది. "పొయ్యే ముందట నన్నే తల్సుకున్నడు." ఏటా ఆ రోజున ఇస్త్రీ చీర కట్టుకుని ముందు వరుసలో కూర్చుని, ఆ ముక్క వచ్చేసరికి పిల్లలతో పాటు పెదవులు కదుపుతుంది. ఏడాదంతా ఆమె బతికేది ఆ ఒక్క ముక్క కోసమే. నేను పక్కనే శాలువా కప్పుకుని కూర్చుంటాను. ఆ మాటలో నేను లేను. అత్త ఉంది, దేశం ఉంది. నా మొగుడు కూడా లేడు. అతను నెత్తురు అనే మాట అనగా నేను ఎన్నడూ వినలేదు. గడ్డి, తవుడు, సిగ్నలు, చలి, ఇవే అతని మాటలు.

ఈ ఏడు సంఘం పెద్ద ఇంటికి వచ్చాడు. అతనిది సిమెంటు దుకాణం. నా మొగుడితో గోలీలు ఆడినవాడు.

"వదినా, విగ్రహం కింద నల్లరాయి పెడ్తున్నం. అన్న ఆఖరి మాట చెక్కిస్తం, బంగారు రంగుల. నువ్వు సరే అంటే ఇయ్యాల్నే పని షురూ చేస్తరు."

రాయి అనేసరికి నాకు భయమేసింది. నాటకం పొద్దున వేస్తే మధ్యాహ్నానికి పోతుంది. రాయి పోదు. ఇప్పుడు చెప్పకపోతే ఇక చెప్పేది లేదనిపించింది. గొంతు తగ్గించి చెప్పాను.

"గది ఆయన అన్న మాట కాదన్నా. 'ఫోను దాని చెవి కాడ వెట్టు' అన్నడు. బర్రె చెవి కాడ. గదే ఆఖరు."

అతను నవ్వాడు. నా మొహం చూసి ఆపేశాడు.

"నిజంగనా?"

"నాకు బిడ్డలు లేరు ఒట్టెయ్యనీకి. ఉంటే ఏస్తుంటి."

తల గోక్కున్నాడు పాపం. "వదినా, జర సోంచాయించు. బర్రె ముచ్చట రాయి మీద మంచిగుంటదా? పోయేటోడు వచ్చేటోడు నవ్వుతడు. అన్న ఇజ్జత్ పోతది."

"ఇజ్జత్ ఎవలిది పోతది? నా మొగనిదా, మీ సంఘానిదా?"

"లొల్లి వద్దొదినా. ఏం రాయకుంట ఉత్త పేరే చెక్కిస్త, సరేనా?"

అది చాలు అనబోయాను. నిజంగా అనబోయాను. లోపలి గది నుంచి అత్త గొంతు వచ్చింది. ఆమెకిప్పుడు చూపు ఆనడం లేదు, మంచం దిగితే పట్టుకోవాలి. చెవులు మాత్రం పాము చెవులే.

"ఎవలే వచ్చింది? రాయి గురించేనా? నా ముచ్చట గూడ రాస్తుండ్రా దాని మీద? అమ్మను మంచిగ సూస్కో అన్నది?"

అతను నా వైపు చూశాడు. నేను నేల వైపు చూశాను.

"రాయుండ్రి" అన్నాను.

రాశారు. మొన్న ఆ రోజున అత్తను ఆటోలో కూర్చోబెట్టి తీసుకెళ్లాం. మంత్రులూ వాళ్లూ ఎవరూ రాలేదు, ఏటేటా తగ్గుతున్నారు. కుర్చీలు చాలా ఖాళీగా ఉన్నాయి. అత్త కుర్చీలో కూర్చోలేదు. రాయి దగ్గరికి తీసుకెళ్లమంది.

"ఏడుందే 'అమ్మ' అన్నది?"

మరిది కూతురు ఆమె వేలు పట్టుకుని ఆ రెండక్షరాల మీద పెట్టింది. ముసలామె వేలితో రుద్దుతూనే ఉంది. రైలు ఫలక్‌నుమా వైపు కూత వేసుకుంటూ పోయింది, నాటకం మొదలైంది, ముగిసింది, పులిహోర పొట్లాలు పంచారు, ఆమె వేలు తియ్యలేదు. ఆటో ఎక్కాక చూస్తే వేలికి బంగారు రంగు అంటింది. కడగనివ్వలేదు.

నాకు ఆమె మీద కోపం లేదు. టీచరమ్మ మీద లేదు. కానీ ఒక సంగతి జరుగుతోంది, అది ఎవరికీ చెప్పుకోలేకుండా ఉన్నాను. నాకు అతని గొంతు పోతోంది. అతను అన్న మాట గుర్తుంది, గొంతు మాత్రం లేదు. కళ్లు మూసుకుని వెతికితే నాటకంలో వేషం వేసిన పిల్లల గొంతులు వస్తున్నాయి, ఏటికొకటి, మైకులో అరిచేవి. కలలోకి వచ్చినా ఆ మీసంతోనే వస్తున్నాడు. నా నెత్తురు దేశానిది అంటున్నాడు. అది నువ్వు కాదురా అని కలలోనే ఏడుస్తున్నాను. ఆ సాయంత్రం కొట్టంలో ఉన్నది మేం ముగ్గురం. ఖాలా కొడుకు ఇంటికి మారిపోయింది, అక్కడే పోయిందట. బర్రె పోయింది. నేనొక్కదాన్నే మిగిలాను, నా లోపల కూడా అది చెరిగిపోతోంది. బర్రెతో ఏం చెప్పాడో ఎలాగూ తెలియదు. కనీసం నాతో అన్న ఆ ఒక్క ముక్కనైనా నిలుపుకోవాలని ఇది రాయిస్తున్నాను.

ఇంతవరకూ రాసి పిల్ల కలం ఆపింది.

"పెద్దమ్మా, మరి పెద్దబాపు గట్ల అనలేదా? నేను గన్నేండ్లు ఏసిన గా నాటకం. నిజమే అనుకున్న."

"అనలేదు బిడ్డా."

"కాలేజీల గూడ చెప్పుకున్న, మా పెద్దబాపు ఆఖరి మాట ఇదీ అని."

"చెప్పుకో. ఇగ రాయి మీదికే ఎక్కింది."

దానికి కళ్లనిండా నీళ్లు వచ్చాయి. నాకు రాలేదు. ఇంకా ఏం రాయాలి అని అడిగింది. ఏం లేదు.

"గంతేనే. కలం పక్కకు వెట్టు. ఇప్పుడు మొదట్ల రాసిన ముక్క సదువు. నాటకంల సదివినట్టు అరవకు, ఉత్తగ సదువు. ఆయనకు తొందరుండె, చలుండె, అవుతల గాలి కొడుతుండె. గా గొంతు నాకు యాదికొస్తదేమో చూస్త. రాదు గని చూస్త. ముసల్ది పక్క గదిల నిద్ర లేసినట్టున్నది, ఇంటది. నా చెవి కాడికొచ్చి సదువు."