గాలికి ఎదురొచ్చిన గొంతు

దయ్యాన్ని చూశానని ఎవడన్నా వస్తే "ఎంత తాగినావురా" అని అడిగే రకం నేను. డెబ్బై మూడేళ్లు వచ్చినాయి. అందులో యాభై ఏళ్లు సముద్రం మీదే గడిచినాయి. ఒక్క దయ్యమూ నా పడవ ఎక్కలేదు. బడికి పోలేదు. పొట్లాలు కట్టిన పేపరు ముక్కలు కూడబలుక్కుని చదవడం నేర్చుకున్నాను. తెలిసిందే రాస్తాను, తెలియనిది తెలియదనే రాస్తాను.

మాది నెల్లూరు జిల్లాలో సముద్రం ఒడ్డు ఊరు. మనవరాలు నాగమణి రొయ్యపిల్లల హేచరీలో పనిచేసేది. సాయంత్రం పని దిగి, ఒడ్డున వలలు బాగుచేసుకునే నా దగ్గరికి వచ్చేది. ఇద్దరం సరుగుడు తోపులో పడి ఇంటికి పోయేవాళ్లం. నాకు మోకాళ్లు వాచిన రోజుల్లో ఒంటరిగా పోయేది. తోపులో ముగ్గురు తాగి కూర్చుని మాటలంటున్నారని ఒకరోజు ఏడ్చింది. ఊరి పెద్దలకు చెప్పినాను. "ఆ దోవన పంపొద్దులే పెద్దాయనా" అన్నారు. వేరే దోవ ఉంటే గదా!

అప్పుడే ఫోనులో ఒక వీడియో వచ్చింది. ఎవడో ఒకాయన దోమల స్ప్రే డబ్బా ముందర లైటరు వెలిగించి బారెడు మంట తెప్పించినాడు. ఆడపిల్లలకు ఇదే ఆయుధమన్నాడు. నాకు తెగ నచ్చింది. డబ్బా కొని తెచ్చినాను. లైటరు నాదే, బీడీలకు వాడుకునేది. రెండూ నాగమణికిచ్చినాను. ఇంట్లో తలుపులు మూసి, ఎట్లా పట్టుకోవాలో నేర్పింది కూడా నేనే. లోపల గాలి లేదు. గాలి చూసి తెరచాప ఎత్తినవాడికి, ఆ రోజు గాలి సంగతి గుర్తుకే రాలేదు.

డబ్బా మీద హెచ్చరిక ఉందట. ఇంగ్లీషులో, చీమ తలకాయంత అక్షరాల్లో. తెలుగులో రాస్తే వాళ్ల సొమ్మేం పోయింది? సరే, ఎవరిచేతనన్నా చదివించుకోనందుకు నన్నేమనాలి?

మా ఊళ్లో ఒక పద్ధతి ఉంది. తోపులో ఆడమనిషి ముందు పోతుంటే, వెనక వచ్చే మగవాడు దగ్గి తానెవరో చెప్పాలి. ఆమె చెయ్యెత్తితేనే దగ్గరికి పోవాలి. గాలికి ఆమె పలుకు వెనక్కి వినపడదు గనక చెయ్యి.

ఆ సాయంత్రం వలలో నాలుగు ముడులు మిగిలినాయి. "నడుస్తా ఉండమ్మా, వెనకే వస్తాను" అన్నాను. కాసేపటికి లేచినాను. ఇంకా వెలుతురుంది. సముద్రం గాలి నా వీపును తోస్తా ఉంది. తోపులో నాగమణి చున్నీ కనపడింది. పది బారల దూరం నుంచే దగ్గినాను. "అమ్మా, నేను, తాతను" అన్నాను. చెయ్యెత్తింది. విన్నదనుకుని దగ్గరికి పోయినాను.

గిరుక్కున తిరిగింది. కళ్లు గట్టిగా మూసుకుని డబ్బా నొక్కింది, లైటరు వెలిగించింది. గాలి తన ముఖానికి ఎదురు. మంట నా దాకా రానే లేదు. మడతపడి తన చేతినీ చున్నీనీ అందుకుంది. వలల నీళ్లకు తడిసిన నా పంచె కప్పి అదిమినాను. కిందపడ్డ డబ్బా, మేము నాలుగడుగులు పక్కకు జరిగినాక పేలింది.

నెల్లూరు ఆసుపత్రిలో నర్సమ్మ అడిగింది, "ఎవరు నేర్పినారమ్మా నీకీ తెలివి?" నేనే చెప్పుకున్నాను. నర్సమ్మ నన్ను తేరిపార చూసి, "చేతిలోనే పేలి ఉంటే ఏం చేసేవాడివి పెద్దాయనా?" అంది.

నాలుగో రోజు అడిగినాను, "నేనని తెలిసి చెయ్యెత్తినావు గదమ్మా, మళ్లీ ఎందుకట్లా చేసినావు?"

"నువ్వు ముందర నుంచి గదా తాతా పిలిచినావు! ఊరి వైపు నుంచి. అదే నీ దగ్గు, అదే నీ గొంతు. అటు చూసి చెయ్యెత్తినాను. నువ్వు ముందుంటే వెనక అడుగులు ఎవరివనుకోవాలి?"

తర్వాత చాలాసార్లు పోయి చూసినాను. మాట తగిలి తిరిగి రావడానికి అక్కడ గోడ లేదు, గట్టు లేదు. తోపు దాటితే చవిటి నేల. తాగుబోతులు నా గొంతు అనుకరించినారా అంటే, అంత గాలికి ఎదురుగా ఎంత అరిచినా పది బారలు దాటదు, అంత దగ్గర్లో నాకెవరూ కనపడలేదు. మెల్లగా పిలిచినట్టే వినపడిందంటుంది ఆ పిల్ల. పక్కింటాయనకు చెప్తే "ఎంత తాగినావు మామా?" అన్నాడు.

దయ్యమే పిలిచిందని ఒప్పుకుంటే నాకే సుఖం. తప్పు దాని మీదకు పోతుంది. ఒప్పుకోను. డబ్బా ఇచ్చింది నేను, లైటరు నాది. నాగమణి కుడిచేతి రెండు వేళ్లు ఇంక చాచుకోవు. హేచరీ మానేసింది. తోపులో ఆ ముగ్గురూ ఇప్పటికీ కూర్చుంటున్నారు, వాళ్లకు చిన్న బొబ్బ కూడా లేదు.

ఆ గొంతు మాత్రం ఏమిటో తెలియదు. ఇప్పటికీ ఇంట్లో నేను పిలిస్తే, నాగమణి మొదట నేనున్న వైపు కాకుండా అవతలి దిక్కుకు చూస్తుంది. అక్కడ ఎవరూ లేరని చూసుకున్నాకే, నా వైపు తిరుగుతుంది.