వేడినీళ్లు నడిచిన తొవ్వ

మా జియాలజీ సారు పోయారని మొన్న మా కాలేజీ ఉన్న సుబేదారి నుంచి నా పాత క్లాస్‌మేట్ ఫోన్ చేసి చెప్పింది. ఏడుపొచ్చింది, నిజమే. కాసేపటికి ఇద్దరం ఫోన్‌లోనే నవ్వడం మొదలుపెట్టాం. ఆయన్ని తలుచుకుంటే ఎవరికైనా అంతే.

సారు జేబులో ఎప్పుడూ పటికబెల్లం ఉండేది. సరైన జవాబు చెప్తే ఒక పలుకు. తప్పు చెప్పినా ఒక పలుకే. "జర ఇది తిని మళ్ల ఆలోచించు బిడ్డా" అనేవారు.

డెబ్బైల చివర్లో మా క్లాసంతా సారు వెంట ఏటూరునాగారం అడవికి ఫీల్డ్‌వర్క్‌కు వెళ్లాల్సి వచ్చింది. వెళ్లకపోతే డిగ్రీ రాదు. మా బాపు ససేమిరా అన్నాడు. "ఆడపిల్ల అడవిల రాళ్లు కొట్టుడేంది? సదువు బంద్, గంతే!" నేను అన్నం మానేసి మూలన కూర్చున్నాను.

సంగతి తెలిసి సారు ఇంటికే వచ్చారు. బాపుతో వాదించలేదు. మా నానమ్మ కాళ్ల కడియాలు చూసి, "గీ వెండి భూమిల ఎట్ల తయారైతదో ఎర్కేనా పెద్దమ్మా?" అన్నారు. ఇక ఆమెను ఆపేదెవరు? పీట లాక్కుని ఎదురుగా కూర్చుంది.

సారు పటికబెల్లం తీసి చూపించారు. "వేడినీళ్లల్ల చక్కెర కరుగుతది గద? ఆ పాకం సల్లారితే దారానికి గిట్ల పలుకులు పడ్తయి. భూమి లోపట గూడ గంతే. మస్తు వేడి ఉప్పునీళ్లు రాళ్లల్ల ఉన్న వెండిని జరంత జరంత కరిగించుకుంటయి. పగుళ్లు పట్టుకొని పైకొస్తయి. అక్కడ మరిగినా, సల్లారినా, మోసుకొచ్చిన వెండిని గా పగుళ్లల్లనే వదిలిపెడ్తయి."

నానమ్మ కడియాన్ని తడుముకుంది. తర్వాత కొడుకు వైపు తిరిగింది.

"పిల్లతోని నేను గూడ పోత. గా నీళ్లొచ్చిన తొవ్వ సూడాలె."

"బస్సుల ముందటి సీటు మీదే పెద్దమ్మా" అన్నారు సారు వెంటనే. తల్లి మాట కాదనలేక బాపు గొణుక్కుంటూ బయటికి వెళ్లిపోయాడు. నా చదువు నిలబడింది ఆ పూటే. ఆ రుణం నేను తీర్చుకోలేదు, తీరేదీ కాదు.

బస్సులో దారి పొడవునా నానమ్మ పాటలే. అడవిలో వాగు పక్కన నల్లరాయిని చీలుస్తూ తెల్లటి పలుగురాయి చార కనిపించింది.

"గిదే పెద్దమ్మా ఆ తొవ్వ. ఈడ వెండి లేదు గని, నీళ్లు మాత్రం వచ్చి పోయినయి."

నానమ్మ వంగి ఆ చార మీద అరచెయ్యి ఆనించింది, ఇంకా వేడి ఉందేమోనని. మేమంతా పకపకా నవ్వాం. సారు నవ్వలేదు. సుత్తి కింద పెట్టి, ఆమె పక్కనే వంగి, తన చెయ్యి కూడా ఆనించారు.

"సల్లవడ్డది సారూ" అంది నానమ్మ, దిగులుగా.

"అవు పెద్దమ్మా," అన్నారాయన, చెయ్యి తీయకుండానే. "మనం జర లేటొచ్చినం."