తూటా మెడ మందం

ఆ ఏడాది అమెరికాలో మేముండే బెంటన్‌విల్ చుట్టుపక్కల ఏ షాపుకి వెళ్లినా తూటాల అరలు ఖాళీగా కనిపించేవి. సరిగ్గా అప్పుడే మా బావ, అంటే అక్క భర్త, తుపాకులు అమ్మే గన్ షోలో ఒక పాత జర్మన్ రైఫిల్ కొన్నాడు. దానికి పట్టే ఎనిమిది మిల్లీమీటర్ల తూటాలు మామూలు రోజుల్లోనే అరుదు. జింకల సీజన్ దగ్గరపడుతోంది. ఈసారి తను వేటకు వెళ్తున్నానని ఆఫీసంతా చెప్పుకున్నాడు.

తూటాలు మనమే చేసుకోవచ్చన్నది నేనే. ఆ సంగతి ఉన్న లావుపాటి పుస్తకాన్ని మా లైబ్రరీవాళ్లు నాకోసం వేరే రాష్ట్రం నుంచి తెప్పించారు. నేను కాలేజీలో చదివింది కామర్స్. లోహాల గురించి నాకు తెలిసిందంతా లైబ్రరీ కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని తెలుసుకున్నదే. ఆ మాట చెప్పుకోవడానికి నాకు మొహమాటం లేదు.

ఇక్కడి వేటగాళ్లు ఎక్కువగా వాడే థర్టీ-ఆట్-సిక్స్ తూటా పేలాక మిగిలే ఇత్తడి గొట్టం, బావ రైఫిల్‌కి కావలసిన దానికన్నా కాస్త పొడుగు. అడుగు మాత్రం ఒకటే. పైభాగం కోసి, జిడ్డు రాసి, ప్రెస్‌లో బిగించిన ఉక్కు అచ్చులోకి నొక్కితే కొత్త కొలతకు వస్తుంది. కాల్పులు ప్రాక్టీస్ చేసే రేంజ్‌లో జనం వదిలేసిన ఖాళీ గొట్టాలు ఎన్ని కావాలంటే అన్ని దొరికేవి.

అయితే ఒక చిక్కుంది. గొట్టం, బుల్లెట్‌ని పట్టి ఉంచే పై మెడ దగ్గర పలచగా, కిందికి పోయేకొద్దీ మందంగా ఉంటుంది. పై మెడ కోసేస్తే కింది మందపు గోడే కొత్త మెడ అవుతుంది. దాన్ని లోపలినుంచి గీకి పలచన చేయాలి. లేకపోతే పేలినప్పుడు విచ్చుకోవడానికి మెడకు చోటుండదు. బుల్లెట్ సులువుగా వదలదు, పీడనం పెరిగిపోయి వెనక్కి తన్నవచ్చు. వెనక ఉండేది కాల్చేవాడి మొహం.

"మెడలు గీకాలి బావా," అన్నాను, వాళ్ల గరాజ్‌లో.

"ముందు నీ గడ్డం గీక్కో బామ్మర్దీ. పిల్లలు జడుసుకుంటున్నారు."

మా ఇళ్లలో బావా బావమరుదులు ఒకరినొకరు ఆటపట్టించుకోవాలి. ఎంత మాటన్నా నవ్వాలి, నవ్వనివాడిదే తప్పు. పెళ్లయిననాటి నుంచీ ఆ హక్కును బావ పూర్తిగా వాడుకున్నాడు. నా కాంట్రాక్ట్ ఉద్యోగం ఊడిన నెలలో, తలా ఒక వంట తెచ్చుకునే పాట్‌లక్‌లో అందరి ముందూ, "మావాడు ఇప్పుడు లైబ్రరీలో ఫుల్‌టైమ్, జీతం ఒక్కటే లేదు," అన్నాడు. నేనూ నవ్వాను. లోపల మాత్రం ఒక్కటీ మరిచిపోలేదు. ఇన్నేళ్ల ఆటపట్టింపుల తర్వాత నేను నిజంగా చెప్పిన మాట కూడా అతనికి వేళాకోళంగానే వినపడేది.

నేను ఊళ్లో లేని వారంలో అతను పెట్టెడు తూటాలు చేసేశాడు. మెడలు గీకలేదు. ఆ సంగతి నాకు శనివారం ఉదయం రేంజ్‌లో, రైఫిల్ బల్లమీద పెట్టాక తెలిసింది. మొదటి తూటా వేసి, దాన్ని లోపలికి నెట్టే బోల్ట్ తోశాడు. అది సగంలో బిగుసుకుంది. అరచేత్తో కొట్టాడు.

"ఆగు బావా. మెడ ఇరుక్కుంది."

"పాత తుపాకీరా. కొంచెం టైట్‌గానే ఉంటది."

మళ్లీ కొట్టబోతుంటే బోల్ట్ మీద చెయ్యి వేశాను.

"చెయ్యి తియ్."

"తియ్యను. అది పేలితే నీ కళ్లు పోతాయి."

"భయమైతే పోయి కార్‌లో కూర్చో. మీ అక్కకి టెక్స్ట్ చేస్తాలే, తమ్ముడు సేఫ్ అని." అని నవ్వాడు. నేను కూడా నవ్వుతానని నావైపు చూశాడు.

"నేను జోక్ చెయ్యట్లేదు," అన్నాను. "నువ్వంటే నాకు పడదు. ఎప్పుడూ పడలేదు. నీ మొహం ఏమైపోయినా నాకు అనవసరం. కానీ రేపట్నించి నీకు అన్నం కలిపి పెట్టాల్సింది మా అక్క. తూటా బయటికి తియ్."

అతని నవ్వు ఆగిపోయింది. మెల్లగా బోల్ట్ వెనక్కి లాగి తూటా తీసి బల్లమీద పెట్టాడు. నేను క్యాలిపర్‌తో మెడ కొలిచి, ఉండాల్సిన దానికన్నా ఎంత లావుగా ఉందో చూపించబోయాను. అతను అంకె వైపు చూడలేదు.

"ఇన్నాళ్లూ నీ మనసులో ఇదా ఉంది?"

"ఇదే."

ఆ తూటాలు అతను మళ్లీ ముట్టుకోలేదు. ఆ సీజన్‌లో వేటకూ వెళ్లలేదు. వారం పోయాక అక్క ఫోన్ చేసింది.

"డేంజర్ అని చెప్తే సరిపోయేది కదరా. అంత మాట ఎందుకన్నావు?"

"అంతకుముందు చెప్పినవేవీ వినలేదక్కా."

"వచ్చి సారీ చెప్పు."

నేను చెప్పలేదు. ఇప్పుడు వాళ్లింటికి వెళ్తే బావ తలుపు తీసి, "మీ అక్క లోపలుంది," అని పక్కకి జరుగుతాడు. నా గడ్డం గురించీ, లైబ్రరీ గురించీ ఒక్క ముక్క మాట్లాడడు. అతని కళ్లు రెండూ భేషుగ్గా ఉన్నాయి. నావైపు మాత్రం తిప్పడు.