చెవిలో వెల్లుల్లి నూనె

ఆ కుక్కను తెచ్చింది మా ఆయన. ఆమదాలవలసలో మా బియ్యం కొట్టు బాగా నడిచిన ఏడాది, విశాఖపట్నం వెళ్లి చెవులు దవడల కిందికి వేలాడే కుక్కపిల్లను కారులో పట్టుకొచ్చాడు. తిండి పెట్టేదీ, దాని పెంట ఎత్తిపోసేదీ నేను. ఆదివారం మాత్రం ఆయన దాన్ని నాగావళి ఏటికి తీసుకెళ్లి ఈత కొట్టించి, ఫొటోలు తీసి స్నేహితులకు పంపేవాడు. తడి చెవులతోనే తెచ్చి వరండాలో వదిలేసేవాడు.

ఆ వానాకాలం కుక్క తల విదిలించడం మొదలుపెట్టింది. చెవిని గోడకేసి రాసుకునేది. ఎత్తి చూస్తే లోపల ఎర్రగా వాచి, గోధుమరంగు జిగురు. పాడైపోయిన పిండి కంపు.

"ఏటే ఈ కంపు? తీసికెళ్లి పెరట్లో కట్టీ," అన్నాడు మా ఆయన.

"ఎల్లుల్లేసి నూనె కాసి పొయ్యరా, తగ్గిపోద్ది," అంది మా అత్త.

నేను బట్టలు ఆరేసి వచ్చేలోపే ఆయన నూనె కాసి దాని చెవిలో పోసేశాడు. చల్లారిందో లేదో కూడా చూసుకోలేదు. కుక్క అరుపుకి పక్కింటివాళ్లు బయటికొచ్చారు. అది మంచం కింద దూరి, నేను చెయ్యి చాపితే పళ్లు చూపించింది. రోజూ అన్నం పెట్టే నాకు.

మర్నాడు ఆటోలో శ్రీకాకుళం పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లాను. డాక్టరు లైటు వేసి చూసి, కర్ణభేరి చిరగలేదన్నాడు. నూనెలు, పుల్లలు పెట్టొద్దన్నాడు. చెవి కడిగే మందు పోసి, చెవి మొదట్లో మెల్లగా పిసికి, పైకొచ్చిన మురికిని దూదితో తుడిచి, ఆరాక చుక్కలు వెయ్యాలి. "ఒకరు తల పట్టుకోవాలమ్మా," అన్నాడు.

ఇంటికొచ్చాక చూస్తే ఆ ఒకరికి తీరిక లేదు. "నాకు కొట్లో పనున్నాది," అని మా ఆయన చెప్పులేసుకున్నాడు. నేనొక్కదాన్నే దాన్ని మోకాళ్ల మధ్య ఇరికించుకుని మందు పోశాను. సగం చెవిలో, సగం నా చీర మీద.

ఆ మధ్యాహ్నమే ఒకతను తాడు పట్టుకుని గేటు దగ్గరికొచ్చాడు. "కుక్కని ఎక్కడైనా దూరంగా వదిలీమని మీ ఆయన సెప్పారమ్మా."

"ఆయన్నే వచ్చి తీసికెళ్లమను. నువ్వెల్లు," అని గేటుకి తాళం వేశాను.

సాయంత్రం ఆయన రాగానే మందు సీసాలు ముందు పెట్టాను. "కూకో మావా. దీని తల పట్టుకో."

"సొక్కా మార్చుకొస్తాను."

"అక్కర్నేదు. ముందు కూకో."

అంతకుముందు నేనలా మాట్లాడి ఎరగను. ఆయన కూర్చుని రెండు చేతులతో తల పట్టుకున్నాడు. మందు పోసి పిసగ్గానే కుక్క ఒక్క విదిలింపు విదిలించింది. ఆ మురికంతా ఆయన తెల్లచొక్కా మీద, మీసాల మీద పడింది. తువ్వాలు నా భుజం మీదే ఉంది. ఇవ్వలేదు. రెండో చెవి ఎత్తాను.

డాక్టరు మళ్లీ చూసి చాలనేదాకా రెండుపూటలా ఆయనచేత పట్టించాను. కంపు పోయింది, వాపు తగ్గింది, కుక్క మళ్లీ నా చేతిలో మూతి పెట్టింది. నాకు మాత్రం కోపం తగ్గలేదు. చుట్టాలొస్తే ఆయన దాని చెవి ఎత్తి చూపిస్తాడు. "మేవే మందేసి నయం సేసుకున్నాం," అంటాడు. ఆ "మేవే" విన్నప్పుడల్లా ఒళ్లు మండి, లేచి లోపలికి వెళ్లిపోతాను.